థిండుగారి పౌరసత్వము

పరదేశవాసమును గూర్చి మనవారిలో రెండు విధములగు తలంపులు కలవు. అచ్చటి జీతము, అచ్చటి విద్య, అచ్చటి సౌఖ్యము మాత్రమే కొందఱి కన్నులకు గానవచ్చును. స్వదేశమును విడిచినవాడు చెడినవాడేయని మఱికొందఱు తలంతురు. ఈ రెండు తలంపులును ముఖ్యమైన విషయమును విడిచిపెట్టుచున్నవి. పరదేశమున కాపురముండువానికి అచ్చటి చట్టము దృష్టిలో స్థానమేమి? వాడు కొన్న భూమి వానిదిగా నిలుచునా? వాని వివాహము, వాని బిడ్డలు, వాని రాకపోకలు ఏ శాసనమునకు లోబడియుండును? ఒకమారు ఇచ్చిన హక్కును ఇచ్చినవారే తిరిగి లాగుకొనవచ్చునా? ఈ ప్రశ్నలకు ఊహలతో గాక ఒక మనుష్యుని జీవితముతో ప్రత్యుత్తరము చెప్పవలసివచ్చినచో భగత్‌సింగ్ థిండుగారి జీవితముకంటె తగినది మాకు గానరాదు. 1931లో లాహోరు చెఱసాలయందు ఉరికంబమెక్కిన వీరుడు వేఱు, ఈయన వేఱు. ఈయన పోరాటము ఆయుధములతో జరిగినది కాదు. అర్జీలతోను అప్పీళ్లతోను జరిగినది. అయినను అది యొక జాతియంతటి గౌరవమునకు సంబంధించిన పోరాటమే.

థిండుగారు 1892వ సంవత్సరము అక్టోబరు 3వ తేదీన పంజాబునందు అమృతసరు జిల్లాలోని తారాగఢ్ తలావా గ్రామమున ఒక సిక్కు కుటుంబమున జన్మించిరి. అమృతసరులోని ఖాల్సా కళాశాలయందు విద్యనభ్యసించిరి. ఆనాడు పంజాబు రైతుల భూములు అన్నదమ్ముల పాళ్లక్రింద చీలి చిన్నవగుచుండెను. అప్పులు మాత్రము పెద్దవగుచుండెను. సైన్యమున చేరి దేశదేశములు చూచివచ్చినవారు పసిఫిక్కు మహాసముద్రపు టావలి యొడ్డున దొరకు కూలిని గూర్చి చెప్పగా, పలువురు యువకులు పొలము కుదువబెట్టి ఓడచార్జీ సమకూర్చుకొని కెనడాకును అమెరికాకును తరలిపోయిరి. థిండుగారు చదువుకొఱకు బయలుదేరిరి. ఫిలిప్పీను దీవులలోని మనిల్లా పట్టణము మీదుగా ప్రయాణముచేసి, 1913 జులై 4వ తేదీన సియాటిలు రేవున అమెరికా సంయుక్తరాష్ట్రముల నేలపై అడుగుపెట్టిరి. అది ఆ దేశమువారు తమ స్వాతంత్ర్యోత్సవమును జరుపుకొను దినము.

ఆ తీరమున మనవారికి లభించిన ఆదరము ఆ యుత్సవమునకు తగినట్టిది కాదు. రంపపుమిల్లులలోను, రైలుమార్గములమీదను, పండ్లతోటలలోను పనిచేయు హిందూదేశీయులను తెల్లకూలీలు తమ కూలిరేట్లకు శత్రువులుగా జూచిరి. 1907 సెప్టెంబరులో వాషింగ్టను రాష్ట్రమునందలి బెల్లింగ్‌హాము పట్టణమున తెల్లవారు గుంపుగూడి, మిల్లులలో పనిచేయుచుండిన మనవారిని కొట్టి ఊరినుండి వెళ్లగొట్టిరి. అమెరికా వాడుకలో సిక్కైనను మహమ్మదీయుడైనను హిందూదేశమునుండి వచ్చిన ప్రతివాడును హిందువే. థిండుగారు వేసవులయందు ఆరెగాను రాష్ట్రపు కలపమిల్లులలో శ్రమించి, ఆ డబ్బుతో కాలిఫోర్నియాలోని బర్క్లీ విశ్వవిద్యాలయమున చదువు సాగించిరి. ఆయన అమెరికా చేరిన 1913వ సంవత్సరముననే ఆరెగానులోని ఆస్టోరియా పట్టణమున ఈ మిల్లుకూలీల నడుమ గదరు సంఘమునకు అంకురార్పణ జరిగెను. భారతదేశము భారతీయులదేయను విశ్వాసము థిండుగారికి దృఢముగ నుండెను. ఆ విశ్వాసమే తరువాత కోర్టులో ఆయనకు ప్రతికూలముగ చూపబడెను.

ఇచ్చట చట్టమును కొంచెము విశదపఱుపవలసియున్నది. ఒక దేశమున ప్రవేశించుటకు అనుమతి యొకటి. అచ్చట నివసించి పనిచేయుటకు అనుమతి మఱొకటి. ఆ దేశపు పౌరుడగుట వేఱొకటి. ఈ మూడింటిని ఒకటిగా నెంచుటయే పరదేశవాసులు చేయు మొదటి పొరపాటు. థిండుగారు వెళ్లినపుడు ప్రవేశమునకు అంతగా అడ్డములేదు. పౌరసత్వమునకు మాత్రము 1790లో చేసిన శాసనము అడ్డముగ నుండెను. స్వతంత్రుడైన తెల్లవానికి మాత్రమే పౌరసత్వమీయవచ్చునని ఆ శాసనము చెప్పెను. అంతర్యుద్ధము ముగిసినపిమ్మట 1870లో ఆఫ్రికాయందు పుట్టినవారికిని, వారి సంతతివారికిని ఆ యర్హత కల్పింపబడెను. చీనావారు తప్ప తక్కిన ఆసియావాసుల పేరు ఏ శాసనమునందును లేదు. కావున ఆసియానుండి వచ్చినవాడు తెల్లవాడో కాడో నిర్ణయించు భారము ఎక్కడికక్కడ జడ్జీలమీద పడెను. ఒక కోర్టు తెల్లవాడనిన, మఱొక కోర్టు కాదనెను. ఈ సందులోనుండియే 1913లో అక్షయకుమార మజుందారుగారును, 1914లో సఖారామ గణేశ పండిత్‌గారును పౌరులైరి.

పౌరసత్వము లేకున్న నేమి, కష్టపడి సంపాదించుకొని బ్రతుకవచ్చును గదాయని మన రైతు సోదరు లనవచ్చును. అట్లు బ్రతుకవలనుగాకుండుటకే కాలిఫోర్నియా శాసనసభ 1913లో భూమి చట్టమును చేసెను. పౌరసత్వమునకు అర్హతలేని పరదేశీయులు వ్యవసాయభూమిని కొనరాదు. మూడేండ్లకు మించి కౌలుకు తీసికొనరాదు. 1920లో జనాభిప్రాయముచే ఆ చట్టము మఱింత బిగింపబడి, ఆ మూడేండ్ల కౌలుకూడ తీసివేయబడెను. చట్టమున ఏ జాతిపేరును వ్రాయలేదు. పౌరసత్వమునకు అర్హతలేనివారు అను మాటలోనే జపానువారును, కొరియావారును, చీనావారును ఇమిడిరి. మనవారు ఇమిడిరో లేదో తేలలేదు. ఇంపీరియలు లోయయందు ఎడారిని సేద్యములోనికి దెచ్చి ప్రత్తి పండించుచుండిన పంజాబు రైతుల పొలములన్నియు ఈ సందేహముమీద నిలిచియుండెను. కావున థిండుగారి వ్యాజ్యము ఒక విద్యార్థి సొంతవ్యాజ్యముగ మిగులక, ఆ రైతులందఱి పట్టా వ్యాజ్యమాయెను.

మొదటి మహాయుద్ధమున అమెరికా ప్రవేశించెను. 1918 జులైలో థిండుగారు ఆ దేశపు సైన్యమున చేరి వాషింగ్టను రాష్ట్రమునందలి లూయీ శిబిరమున శిక్షణపొందిరి. తలపాగాను విడువకయే సైనికదుస్తులు ధరించిరి. కొలదినెలలలో తాత్కాలిక సార్జెంటు పదవికి వచ్చిరి. డిసెంబరు 9వ తేదీన సైనికవేషముననే వాషింగ్టను రాష్ట్రపు కోర్టున పౌరసత్వ పత్రమును పుచ్చుకొనిరి. నాలుగు దినములు గడచునప్పటికి, ఈయన తెల్లవాడు కాడని చెప్పి పౌరసత్వశాఖ వారు దానిని రద్దుచేయించిరి. మఱి మూడుదినములకు, అనగా 16వ తేదీన, సైన్యమువారు ఆయనను గౌరవముతో విడుదలచేయుచు ప్రవర్తన మిక్కిలి శ్రేష్ఠమని వ్రాసియిచ్చిరి. ఒకే వారమున ఒకే ప్రభుత్వమువారిలో ఒక శాఖ పౌరుడు కాడని కాగితమును లాగుకొనినది, మఱొక శాఖ మంచి సైనికుడని కాగితమునిచ్చినది. ప్రాణమర్పింప సిద్ధపడినవానికి సయితము చట్టమునందు చోటులేకుండవచ్చునని థిండుగారు ఇరువదియాఱేండ్ల వయస్సున తెలిసికొనిరి.

ఆయన అంతటితో విడువలేదు. ఆరెగాను రాష్ట్రమున మరల అర్జీ పెట్టిరి. పౌరసత్వశాఖ యుద్యోగి ప్రతిఘటించెను. జాతివాదము చాలక, ఈయనకు గదరువారితో సంబంధమున్నదనియు, ఇట్టివాడు అమెరికా రాజ్యాంగమునకు విధేయుడు కానేరడనియు వాదించెను. 1917, 1918 సంవత్సరములలో శాన్‌ఫ్రాన్సిస్కో పట్టణమున గదరు వీరులమీద పెద్ద కుట్రకేసు నడచియుండుటచే ఆ మాట చిన్నమాట కాదు. తాను గదరుసంఘమున సభ్యుడను కానని థిండుగారు చెప్పిరి; భారతదేశ స్వాతంత్ర్యమును కోరుట మాత్రము దాచలేదు. ఉల్వర్టను అను జడ్జీగారు సాక్ష్యమును విని, తన దేశమునకు స్వేచ్ఛను గోరువాడు అమెరికాకు విరోధి కానవసరములేదని గ్రహించి, 1920 నవంబరు 18వ తేదీన పౌరసత్వము నిచ్చిరి. పరాధీనులమైయుండిన ఆ దినములలో పరదేశపు న్యాయాధిపతి యొకడు ఈ సత్యమును గుర్తించుట స్మరింపదగినది.

ప్రభుత్వమువారు పత్రమును రద్దుచేయవలెనని దావావేసి, అచ్చట ఓడి, అప్పీలునకు బోయిరి. అప్పీలు కోర్టు తాను తీర్పుచెప్పక సుప్రీముకోర్టునకు రెండు ప్రశ్నలు పంపెను. అమృతసరున పుట్టిన అగ్రకులపు హిందువు తెల్లవాడగునా యనునది మొదటిది. ఆసియాలో పెద్దభాగమునకు ద్వారములు మూసిన 1917 నాటి చట్టము అంతకుముందే వచ్చినవారి పౌరసత్వమునకు అడ్డగునా యనునది రెండవది. థిండుగారి పక్షమున వాదించినది పైని చెప్పిన పండిత్‌గారే. కాలిఫోర్నియాలో ప్లీడరుగా పేరుపొందియుండిన ఆయనకు ఈ వ్యాజ్యము పరులది కాదు. థిండుగారు ఓడినచో తన పత్రమునకును గండమే.

అప్పటికి కొలదినెలల ముందు, 1922 నవంబరులో, ఒజావాయను జపాను పెద్దమనుష్యుని వ్యాజ్యమున సుప్రీముకోర్టు ఒక తీర్పు చెప్పియుండెను. తెల్లవాడన మేనిరంగు కాదనియు, కాకేసియను జాతివాడని యర్థమనియు ఆ తీర్పు సారాంశము. మానవజాతి శాస్త్రజ్ఞులు ఉత్తరహిందూదేశీయులను కాకేసియను జాతిలోనే లెక్కించుచుండిరి. కావున పండిత్‌గారి వాదము తిన్నని దారిలోనే నడచెను. మీరే వేసిన కొలత ఇది; ఆ కొలతకు థిండుగారు సరిపోవుచున్నారు; కావున పత్రము నిలువవలెను.

1923 ఫిబ్రవరి 19వ తేదీన తీర్పు వెలువడెను. ఒజావా తీర్పును వ్రాసిన సదర్లాండు అను న్యాయాధిపతియే దీనినిగూడ వ్రాసిరి. శాస్త్రజ్ఞుల మాటతో పనిలేదనియు, సామాన్యజనుడు తెల్లవాడనిన ఎవరిని తలచునో వాడే తెల్లవాడనియు ఆయన నిర్ణయించిరి. జపానువానిని త్రోసివేయుటకు శాస్త్రము పనికివచ్చెను. హిందూదేశీయుని త్రోసివేయుటకు శాస్త్రము అడ్డురాగా దానిని ప్రక్కకు నెట్టిరి. న్యాయాధిపతులందఱును ఏకాభిప్రాయులైరి. మొదటి ప్రశ్నకు కాదని చెప్పుటచే రెండవ ప్రశ్నతో పనిలేకపోయెను. ఇందొక విశేషము గలదు. సదర్లాండుగారు ఇంగ్లాండునందు పుట్టి బాల్యమున అమెరికాకు వచ్చినవారు. తాను దాటిన ద్వారమును ఆయన మఱొకనికి మూసిరి. ఇది చట్టప్రకారమే జరిగినది. చట్టప్రకారము జరిగినదెల్ల న్యాయము కాదనుటకు ఇంతకంటె నిదర్శనమేల?

తీర్పు ఒక్క థిండుగారితో ఆగలేదు. అంతకుముందు పౌరులైన మనవారి పత్రములను రద్దుచేయ ప్రభుత్వము ఒక్కొక్కరిమీద దావాలు తెచ్చెను. మజుందారుగారి పౌరసత్వము పోయెను. మఱి పలువురిది పోయెను. కాలిఫోర్నియాలో భూమిచట్టము మనరైతులకును వర్తించునని తేలుటచే వారు పొలములను అమ్ముకొనుటయో, నమ్మకస్థుడగు తెల్ల ప్లీడరు పేరనో బ్యాంకివాని పేరనో బినామీగా ఉంచుటయో చేయవలసివచ్చెను. నమ్మకస్థుడు నమ్మకము తప్పినయెడల అడుగుటకు కోర్టులేదు. ఏలయన బినామీయే నేరము. మెక్సికో దేశపు స్త్రీలను వివాహమాడిన పంజాబీలు, అచ్చట పుట్టినందున పుట్టుకచేతనే పౌరులైన తమ బిడ్డల పేర భూములు వ్రాయించిరి. తండ్రికి లేని హక్కు పసిబిడ్డకు గలదు. పెండ్లికి సంబంధించిన శాసనము మఱింత క్రూరమైనది. 1922 నాటి చట్టముచే, పౌరసత్వమునకు అర్హతలేని పరదేశీయుని పెండ్లాడిన అమెరికా స్త్రీ తన పౌరసత్వమును తానే కోల్పోవుచుండెను. 1931లో గాని ఈ నిబంధన తొలగలేదు.

ఈ తీర్పు ఎంతటి క్లేశమును దెచ్చెనో తెలిసికొనుటకు వైష్ణోదాస్ బాగాయిగారి కథ చాలును. పెషావరు వాస్తవ్యులైన ఆయన 1915లో భార్యతోను ముగ్గురు కుమారులతోను శాన్‌ఫ్రాన్సిస్కో చేరి, వర్తకము పెట్టి, 1921లో పౌరులైరి. పౌరుడగునపుడు బ్రిటిషు చక్రవర్తి ప్రజయగుటను వదలుకొనిరి. థిండు తీర్పుతో అమెరికా పౌరసత్వము పోయెను. దుకాణమును ఆస్తియు అమ్ముకొనవలసివచ్చెను. 1928లో స్వదేశమునందలి బంధువులను చూడబోవ పాస్‌పోర్టు అడుగగా అమెరికావారు నిరాకరించిరి. బ్రిటిషు పాస్‌పోర్టు తీసికొమ్మని చెప్పిరి. తాను త్యజించిన దాస్యమును మరల చేతులుచాచి యడుగుట ఆ మానధనునకు సమ్మతము కాలేదు. అయినవాడని చెప్పుకొనుటకు ఏ దేశమును లేని ఆ స్థితిలో, అదే సంవత్సరమున ఆయన తన ప్రాణములను తానే తీసికొనిరి.

పండిత్‌గారిమీదను దావా వచ్చెను. ఆయన వాదము మాత్రము వేఱు. 1914లో నాకు పౌరసత్వమిచ్చినపుడు ప్రభుత్వము ప్రతిఘటించి ఓడినది, అప్పీలు చేయలేదు, ఆ తీర్పును నమ్మి నేను ప్లీడరునైతిని, పెండ్లాడితిని, ఆస్తి సంపాదించితిని, ఇన్నేండ్లకు దానిని తిరుగదోడుట తగదని ఆయన చెప్పిరి. 1926లో అప్పీలు కోర్టు ఈ వాదము నంగీకరించెను. 1927లో సుప్రీముకోర్టు ప్రభుత్వమువారి విన్నపమును విననిరాకరించెను. దానితో మిగిలినవారిమీది దావాలు నిలిచిపోయెను. జాతిని గూర్చిన గొప్ప వాదము ఓడినచోట, దస్తావేజు తేదీని, అప్పీలు గడువును పట్టుకొన్న చిన్న వాదము గెలిచెను. పరదేశమున కాగితములను భద్రపఱచుకొనువాడు ఈ సంగతిని మఱువరాదు.

ఇక ఒక కష్టమైన విషయమును చెప్పక తప్పదు. థిండుగారి పక్షమున కోర్టులో జరిగిన వాదము మనకు పూర్తిగ గౌరవము దెచ్చునది కాదు. ఆయన అగ్రకులమున పుట్టిన ఆర్యుడనియు, అట్టివారు ఈ దేశపు ఆదిమజాతులతో సంబంధము కలుపుకొనరనియు, అమెరికా తెల్లవాడు నీగ్రోను చూచునట్లే వీరు వారిని చూతురనియు వాదింపబడెను. చట్టము జాతినిబట్టి కట్టిన గోడ యని తెలిసియు, గోడను కూల్చుమని అడుగక, గోడకావలనున్నవారిలో నన్నొక్కని లోనికి రానిమ్మని అడిగినట్లయినది. ఆనాటి శాసనము తెల్లవాడవా యని తప్ప మఱొకటి అడుగదు. ప్లీడరు ఆ ప్రశ్నకే జవాబు చెప్పవలెను. ఆ మాట నిజమే. సిక్కు గురువులు కులభేదమును నిరసించిరనుటయు నిజమే. వర్ణగర్వమును ఆశ్రయించి వర్ణద్వేషమును జయింపజాలమని 1923 నాటి తీర్పు మనకు నేర్పినది. ఇంటిలో ఒకనిని అంటరానివాడని వాకిట నిలిపి, పరుల యింట మాత్రము తన్ను లోనికి పిలువలేదని వగచువాని మొఱ ఎవరి చెవికెక్కును?

థిండుగారు ఓడియు అమెరికాను విడువలేదు. భారతీయ తత్త్వమును, సిక్కు గురువుల యుపదేశములను, పాశ్చాత్య గ్రంథములతో సమన్వయించి ఊరూర ఉపన్యాసము లిచ్చుచు, గ్రంథములు వ్రాయుచు జీవించిరి. పౌరసత్వములేని యా దినములలో ఆయన వెంట నిలిచినది సైన్యమున పనిచేసిన ఆ కొలదినెలల యోగ్యతాపత్రమే. 1935లో అమెరికా ప్రభుత్వము, మొదటి మహాయుద్ధమున తమ సైన్యమున పనిచేసిన పరదేశీయులు ఏ జాతివారైనను పౌరులగుటకు అర్హులని చట్టము చేసెను. 1936లో న్యూయార్కు రాష్ట్రమున థిండుగారు మూడవమారు పౌరసత్వమును పొందిరి. దానిని మరల ఎవ్వరును లాగుకొనలేదు. 1940లో వివియను డేవీసు అను నామెను వివాహమాడిరి. 1967 సెప్టెంబరు 15వ తేదీన లాసేంజిలీసు నగరమున పరమపదించిరి.

ఆయన కన్నుమూయుటకు ముందే చట్టము మాఱెను. న్యూయార్కు వర్తకులైన జె.జె. సింగుగారు మొదలగువారి యుద్యమముచే 1946 జులైలో హిందూదేశీయులకు పౌరసత్వార్హతయు, ఏడాదికి నూర్గురకు ప్రవేశమును లభించెను. ఆ చట్టమువలన 1949లో పౌరులైన దలీప్‌సింగ్ సౌంద్‌గారు 1956లో అమెరికా కాంగ్రెసునకు ఎన్నికైరి. 1952లో పౌరసత్వమునకు జాతినిబంధన పూర్తిగ తొలగెను. 1965లో జాతులవారీ ప్రవేశపు లెక్కయు రద్దాయెను. ఈ మార్పు దయవలన వచ్చినది కాదు. రెండవ మహాయుద్ధమున ఆసియావాసుల సహాయము అవసరమగుటయు, భారతదేశము స్వతంత్రమగుట నిశ్చయమగుటయు దీనికి హేతువులు. 1923లో థిండుగారి వెనుక నిలుచుటకు స్వదేశ ప్రభుత్వములేదు. బానిసదేశపు ప్రజకు పరదేశమున వకాలతు పుచ్చుకొనువారెవరు?

ఆంధ్రులకు ఈ చరిత్ర దూరపుది కాదు. భీమవరమున పుట్టిన యెల్లాప్రగడ సుబ్బారావుగారు కాకినాడలోని మల్లాడి సత్యలింగం నాయకరు ధర్మసంస్థ సాయముతో 1920 దశకపు ఆరంభమున అమెరికా చేరి, తన పరిశోధనలచే లోకమునకు మందులనిచ్చి, పరదేశీయుడుగనే యుండి 1948లో అచ్చటనే దివంగతులైరి. నేడు గోదావరి, కృష్ణా, గుంటూరు, కరీంనగరు మండలములనుండి అమెరికాకు బోవు యువకులకు లెక్కలేదు. పొలమమ్మియు, బ్యాంకునందు అప్పుచేసియు బిడ్డలను పంపు తల్లిదండ్రులు మా పాఠకులలో పలువురు గలరు. వారికొఱకు కొన్నిమాటలు చెప్పుట మా విధి.

వృత్తివీసా పౌరసత్వము కాదు. నివాసపు హక్కును కాదు. అది మూడేండ్లకిచ్చి సాధారణముగ ఆఱేండ్లవఱకు పొడిగించు తాత్కాలికపు అనుమతి. ఉద్యోగమును అంటిపెట్టుకొని యుండును. గ్రీన్‌కార్డు శాశ్వత నివాసపత్రమే గాని, దానితో వోటులేదు. చాలకాలము ఆ దేశమును విడిచియున్నయెడల పోవచ్చును. ఉద్యోగముమూలమున ఇచ్చు గ్రీన్‌కార్డులలో ఏ యొక్క దేశమున పుట్టినవారికిని సామాన్యముగ నూటికి ఏడింటికంటె మించనీయరాదని నియమముండుటచే, మనవారు ఏండ్లతరబడి వేచియుండవలెను. ఈలోపల తండ్రి అర్జీమీద ఆధారపడియున్న బిడ్డకు ఇరువదియొక సంవత్సరములు నిండినయెడల ఆ ఆధారము తప్పిపోవచ్చును. తుదకు అమెరికా పౌరుడైనవాడు మన 1955 నాటి పౌరసత్వ చట్టముచే భారత పౌరసత్వమును వెంటనే కోల్పోవును. భారత పాస్‌పోర్టును తిరిగి యొప్పగింపవలెను. పిదప పుచ్చుకొను ప్రవాస భారతీయ కార్డు, అనగా ఓ.సీ.ఐ., రాకపోకలకు ఉపకరించునే గాని వోటు నీయదు.

భూస్వాములు మఱొక సంగతిని ముఖ్యముగ గమనింపవలెను. ఓ.సీ.ఐ. కార్డుగలవాడును, పరదేశమున కాపురముండు భారతపౌరుడును రిజర్వు బ్యాంకు ప్రత్యేకానుమతి లేక మనదేశమున వ్యవసాయభూమిని కొనజాలరు. తండ్రితాతలనుండి వారసత్వముగ సంక్రమించిన భూమిని ఉంచుకొనవచ్చును. అమ్మదలచినచో ఇచ్చట నివసించు భారతపౌరునికే అమ్మవలెను. డాలర్లు పంపి బంధువుపేర పొలముకొన్న కుమారుడు కాలిఫోర్నియా పంజాబీల బినామీ చిక్కులలో మరల దిగుచున్నాడు. మన నిబంధన జాతిద్వేషముతో చేసినది కాదు. కాని బంధుత్వమును నమ్మి దస్తావేజును నిర్లక్ష్యముచేసినచో కలుగు నష్టము రెండుచోట్లను ఒక్కటే. కావున పోవువాడు పోకముందే కుటుంబపు పాళ్లు వ్రాతమూలకముగ నిర్ణయించుకొనుటయు, తండ్రి బ్రతికియున్నపుడే వీలునామా వ్రాసియుంచుటయు, జనన వివాహ పత్రములు, ప్రతి వీసా, ప్రతి యుద్యోగపత్రము నకళ్లతో భద్రపఱచుటయు కర్తవ్యములు.

థిండుగారికి మూడుమారులు ఒకే పౌరసత్వమును ఇచ్చిరి; రెండుమారులు తీసికొనిరి. మొదటి పత్రమునకును మూడవ పత్రమునకును నడుమ ఆయన మాఱలేదు, చట్టము మాఱెను. పరదేశవాసి హక్కు వాని యోగ్యతమీద మాత్రమే గాక, ఆ దేశపు శాసనసభల యిష్టాయిష్టములమీదను, స్వదేశపు బలముమీదను నిలిచియుండునని ఇందువలన తేలుచున్నది. శాసనసభల యిష్టము మన చేతిలో లేదు. చట్టమునెఱిగి మెలగుట ప్రవాసుల చేతిలో నున్నది. స్వదేశమును బలముగలదిగను, కులభేదములు లేనిదిగను చేసి, పరదేశమున నున్న మనవారి మాటకు విలువ కల్పించుట ఇచ్చట మిగిలినవారి చేతిలో నున్నది. ప్రవాసులను తలచి గర్వపడుటకు ముందు ఈ ఋణమును మనము తీర్పవలెను.